బల్లార్షా మూడు కుర్చీల సెలూన్: కటింగ్‌కు నాలుగు స్టార్లు, గడ్డానికి రెండున్నర

ముందు పని సంగతి. బల్లార్షా బజారు వెనక సందులో ఉంటుంది ఈ సెలూన్. బోర్డు మరాఠీలో ఉన్నా లోపల మాటలన్నీ తెలుగే. నడిపేది కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. అరవై దాటాయి, మరాఠీవాళ్లూ మనవాళ్లూ అందరూ కాకా అనే పిలుస్తారు. ఆయన చేతిలో కత్తెర ఉంటే మెషీన్ అక్కర్లేదు. గడ్డం గీసే ముందు బ్లేడు కాగితం మీకు కనబడేలా విప్పి, రెండుగా విరిచి, ఒక సగం కత్తిలో పెట్టి, రెండో సగాన్ని కాగితంలోనే మడిచి పక్కన పెడతాడు. పని అయ్యాక పటిక రుద్ది, మెడ మీద పౌడర్ బ్రష్ ఆడించి గుడ్డ దులుపుతాడు. ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు గానీ వాళ్లకు మెషీన్ తప్ప ఇంకోటి తెలియదు. నా గడ్డం ఒక పక్క దట్టంగా, ఒక పక్క పల్చగా చేసింది వాళ్లలో ఒకడే. రెండున్నర అందుకే. కాకా కుర్చీయే కావాలంటే ఆగాలి.

ఆగడానికి ఇక్కడ నంబర్ పద్ధతి. తలుపు పక్కన మేకుకు అట్టముక్కలు వేలాడుతుంటాయి. ఒకటి తీసుకుని బెంచీ మీద కూర్చోవడమే. పేరు అడగరు, ఊరు అడగరు, ఇంటిపేరు అసలే అడగరు. దసరా ముందు ఆదివారం ఒకాయన బుల్లెట్ దిగి నేరుగా ఖాళీ అయిన కుర్చీ వైపు నడిచాడు. "నంబర్ తీస్కోండి పటేలా" అన్నాడు కాకా, చెయ్యి ఆపకుండానే. "నాక్కూడానా?" "మీకు ఏడు వస్తది. చాయ్ తాగి రాండ్రి, అప్పటికి అయితది." ఆయన గొణుక్కుంటూనే ఏడో నంబరు తీసుకున్నాడు. అప్పుడు కుర్చీ ఎక్కింది నాలుగో నంబరు, మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే మా దళితవాడ పిల్లగాడు. ఆ తర్వాత పటేల్ మెడకు కట్టింది కూడా అదే గుడ్డ, దులిపి.

సెలూన్ రివ్యూలో ఇదంతా ఎందుకంటారేమో. నాది చంద్రపూర్ కోర్టు దగ్గర జిరాక్స్, టైపింగ్ పని. రోజూ అవే కాగితాలు కాబట్టి కొన్ని సెక్షన్లు కంఠతా వచ్చేశాయి. అంటరానితనం నేరాల చట్టం 1955 జూన్ 1న అమల్లోకి వచ్చింది, 1976లో సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. అంటరానితనం పేరుతో ఎవరినైనా దుకాణంలోకి రానివ్వకపోతే ఆ చట్టం కింద నేరం. దుకాణం కిందికి ఏవేవి వస్తాయో చెప్పేచోట లాండ్రీతో పాటు హెయిర్ కటింగ్ సెలూన్‌ను విడిగా రాశారు అందులో. అంతకుముందే, 1948 నవంబరులో, రాజ్యాంగ సభలో ఇదే ప్రశ్న వస్తే సేవ అందించే ఎవరైనా దుకాణం అన్న మాట కిందికే వస్తారని అంబేడ్కర్ తేల్చి చెప్పాడు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు పనిగట్టుకుని మంగలి షాపు గురించి రాశారంటే ఊళ్లలో సంగతి వాళ్లకు బాగానే తెలుసన్నమాట.

మా నాయినది సిర్పూర్ వైపు ఊరు. మంగలి మా వాడకు వచ్చేవాడు కాదు. అతన్నీ అనలేం, ఏడాదికోసారి ఊరు కొలిచే గింజల మీదే అతని బతుకు. మా తలల మీద చెయ్యి వేస్తే ఆ గింజలు బంద్. మా చిన్నతాత ఒకాయన వేపచెట్టు కింద కూర్చోబెట్టి అందరికీ తనే కత్తిరించేవాడట, మెట్లు మెట్లుగా. పేపర్ మిల్లులో పనికని బల్లార్షా వచ్చాకే నాయిన అద్దం ముందు కూర్చుని క్రాఫు చేయించుకున్నాడు. అదే చట్టం ఏడో సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: అంటరానితనం పాటించనన్నందుకు ఎవరినైనా సొంత కులంవాళ్లే వెలేస్తే అదీ నేరమే. అంటే ఆ మంగలికీ అండ ఉన్నట్టే. ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు.

శిక్ష మాత్రం నెల నుంచి ఆర్నెల్లు జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. 1976 నాటి అంకె, ఇప్పటికీ అదే. కాకా గోడ మీది రేట్ల బోర్డులో ఫేషియల్‌కు 500 రాసి ఉంది, చూసుకోండి.

నేను టైపు చేసే ఫిర్యాదుల్లో ఈ చట్టం పేరు ఎప్పుడో గానీ రాదు. ఎక్కువగా 1989 అట్రాసిటీ చట్టమే. 2015లో దాన్ని సవరించినప్పుడు దళితులను, ఆదివాసులను దుకాణంలోకి రానివ్వకపోవడాన్ని, బలవంతంగా గుండు కొట్టించడాన్ని, మీసాలు తీయించడాన్ని పేరుపేరునా నేరాల్లో చేర్చారు. మీసం సంగతి చదివినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే పైపెదవి మీదికి పోతుంది.

మా బంధువుల ఊళ్లో ఇప్పటికీ ఒక షాపు ఉంది. ఊరి పేరు రాయను, అక్కడ మావాళ్లు బతకాలి. మా పిల్లలు వెళ్తే "కరెంటు లేదు", "మెషీన్ ఖరాబైంది", "ఇయ్యాల బంద్". మీకు చెయ్యనని మాత్రం ఎవడూ అనడు. మా తాత కాలంలో మొహం మీదే అనేవాళ్లు. ఇప్పుడు అబద్ధం వెతుక్కోవాల్సి వస్తోంది చూడండి, ఆ మాత్రం భయం పెట్టింది ఈ చట్టాలే అని నా లెక్క. ఇలాంటి పని షెడ్యూల్డు కులం మనిషి మీద జరిగితే, కాదని రుజువయ్యేదాకా అంటరానితనంతోనే జరిగిందని కోర్టు భావించాలని 1955 చట్టం పన్నెండో సెక్షన్ చెబుతుంది. అక్కడిదాకా వెళ్లాలంటే ముందు ఫిర్యాదు ఇవ్వాలి, షాపులో ఉన్నవాడెవడో ఒకడు సాక్షిగా నోరు విప్పాలి. మా మేనల్లుడు ఆ తంటా పడలేదు. పెళ్లికి ముందు రోజు రైలెక్కి వచ్చి, ఇక్కడ ముప్పావు గంట కూర్చుని, కటింగూ ఫేషియలూ చేయించుకుని సాయంత్రం బండికి వెళ్లిపోయాడు.

నంబర్ పద్ధతి ఈ చట్టం చూసి పెట్టావా కాకా అని అడిగాను. "చట్టం గిట్టం నాకెర్క లేదు బిడ్డా. నేను ముందంటే నేను ముందని రోజూ లొల్లి. అట్టముక్కలు పెట్టినంక తగ్గింది" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు, నా తల ముందుకు వంచి మెడ వెనక మొదలుపెట్టాడు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. కటింగ్ 80, గడ్డం 50, ఫోన్‌పే ఉంది. చిన్నపిల్లలకు కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెడతారు, కాకా అయితే ఏడవనివ్వడు. టీవీ సౌండ్ తగ్గించమంటే తగ్గించరు. తల మాలిష్ వద్దని ముందే చెప్పండి, కుర్రాళ్లు మెడ విరిచినంత పని చేస్తారు. 1956 అక్టోబరు 16న బాబాసాహెబ్ అంబేడ్కర్ చంద్రపూర్‌లో బౌద్ధ దీక్ష ఇచ్చారు కదా, ఏటా ఆ రోజుల్లో అక్కడికి పోయేవాళ్లతో బెంచీ నిండిపోయి సందులోకి లైను వస్తుంది. సోమవారం మూత. మంగళవారం క్షౌరం కూడదని మన తెలుగువాళ్లు సగం మంది రారు, నేను ఆ రోజే పోతాను.