కాటా మీద లారీ, నాస్‌లో ట్యాలీ: వీమ్ బ్యాకప్‌తో నా అనుభవం

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ల పని నాది. ట్యాలీ, కాటా సాఫ్ట్‌వేర్ ఒకే సర్వర్లో రెండు వర్చువల్ మెషీన్లుగా, అంటే ఒకే పెట్టెలో రెండు విడి కంప్యూటర్లలా నడుస్తాయి. బ్యాకప్‌కి వీమ్ అనే సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ ఎడిషన్, 10 మెషీన్ల దాకా ఉచితం. కాపీలు నాస్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టె) పడతాయి. కాకపోతే ఈ మెషీన్లని నడిపే వీఎమ్‌వేర్ వాళ్ల ఇఎస్ఎక్స్ఐ ఉచితంగా వచ్చేదైతే దాని మీద వీమ్ పనిచేయదు, వీఎమ్‌వేర్ లైసెన్సు ఉండాల్సిందే. దానికి ఓనరుగారిని ఒప్పించేసరికి ఒక పంట గడిచిపోయింది.

దాళ్వా ధాన్యం దిగుతున్న రోజుల్లో కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి, సర్వర్లో డిస్కులు రెండూ పోయాయి. కాకినాడ పోర్టుకెళ్లే లారీ లోడై కాటా మీదే ఉంది, ఈ-వే బిల్లుకి ట్యాలీ కావాలి, డ్రైవరు హారన్ ఆపడు, గుమాస్తాగారేమో "ఎంతసేపండీ బాబూ" అని నా నెత్తిమీదే నిలబడ్డారు. మూలన పడున్న పాత సర్వర్ ఆన్ చేసి వీమ్‌లో ఇన్‌స్టంట్ రికవరీ కొట్టాను. ఆరేడు నిమిషాల్లో ట్యాలీ తెరుచుకుంది!

ఇందులో మంత్రమేం లేదు. డేటా అంతా కాపీ అయ్యేదాకా ఆగకుండా, నాస్‌లో ఉన్న బ్యాకప్ ఫైలునే సర్వర్‌కి ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) డిస్కులా చూపించి అక్కడి నుంచే మెషీన్ని లేపుతుంది. బ్యాకప్‌ని ముట్టుకోదు, మనం కొత్తగా కొట్టే బిల్లులు పక్కన వేరే ఫైల్లో పడతాయి. అందుకే సాయంత్రం మెషీన్ని పాత సర్వర్ డిస్కులోకి మైగ్రేట్ చేశాను. అది చేయకుండా రికవరీ ఆపేస్తే ఆ రోజు బిల్లులన్నీ గల్లంతే. అప్పటిదాకా మాత్రం నత్తనడక, ఎందుకంటే మా నాస్‌లో ఉన్నవి మామూలు హార్డ్ డిస్కులు, ఆ తప్పు వీమ్‌ది కాదు.

రాత్రి బ్యాకప్ తీసేది స్నాప్‌షాట్‌తో, అంటే ఆ క్షణానికి మెషీన్ ఎలా ఉందో అలా పట్టి ఉంచడం. అసలు డిస్కుని కదలకుండా ఉంచి, కొత్త రాతలు డెల్టా ఫైల్లోకి మళ్లించి, కిందటిసారి నుంచి మారిన బ్లాకులే చదువుకుని, చివర్లో డెల్టాని అసలులో కలిపేస్తుంది. స్నాప్‌షాటే బ్యాకప్ అనుకునేవాళ్లకి ఒక మాట: అది అదే డిస్కులో ఉంటుంది, డిస్కుతోపాటే పోతుంది. 72 గంటలు దాటి ఉంచొద్దని వీఎమ్‌వేరే చెబుతుంది, నేనోసారి ట్యాలీ అప్‌డేట్‌కి ముందు తీసి 20 రోజులు మర్చిపోతే డెల్టా ఉబ్బి డిస్కు నిండి మెషీనే ఆగిపోయింది.

5కి 4 ఇస్తాను. బ్యాకప్ రాత్రి 11కి తీసింది కాబట్టి పొద్దున్న తూసిన 9 బళ్ల లెక్క అందులో లేదు, గుమాస్తాగారి మేకుకి గుచ్చిన కాటా చీటీలు చూసి మళ్లీ ఎక్కించాం. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల టైముకి ఇంకో బ్యాకప్ పెట్టాను.