బరంపురంలో పాత బిళ్ళల పరీక్ష: వెండిదా, గిల్టుదా, మామూలు లోహమా?

గంజాం, గజపతి జిల్లాల తెలుగు ఇళ్ళలో పాత పెట్టెలు తెరిస్తే విక్టోరియా, ఐదవ జార్జి బొమ్మలున్న రూపాయి బిళ్ళలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. వాటిలో అసలు వెండివేవో, గిల్టువేవో తేల్చుకోవడానికి మా ఇంటివీ, బంధువులవీ కలిపి బరంపురం బజారులో వెండి బంగారాల నాణ్యత చూసే ఒక చిన్న దుకాణానికి తీసుకువెళ్ళాను. మెచ్చుకోవలసినదీ, తప్పుపట్టవలసినదీ రెండూ ఉన్నందున దాని పేరు రాయడం లేదు.

నాకు మొదట నచ్చినది వాళ్ళు పని చేసే వరుస. లోహంలో వెండి ఎంత శాతమో చూపే, కంప్యూటరుకు తగిలించిన ఎక్స్-రే మిషను ఎదురుగానే ఉన్నా, యజమాని బిళ్ళలను దానిలో పెట్టలేదు. "ముందు అయస్కాంతం, తరువాత కాటా, చివరికే మిషను బాబూ" అన్నాడు. మావాళ్ళు ఎంతో భద్రంగా దాచిన 1947 నాటి పులి బొమ్మ రూపాయి అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. అది నికెల్ బిళ్ళ. ఆ సంవత్సరపు రూపాయిలో వెండి లేదు. అయితే అయస్కాంతానికి అంటుకోనంత మాత్రాన వెండి అనుకోకూడదని కూడా ఆయనే చెప్పాడు, ఎందుకంటే రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ (పేరులో తప్ప వెండి లేని రాగి, నికెల్, జింకుల మిశ్రమం) కూడా అంటుకోవు.

అసలు పరీక్ష కాటా మీద జరిగింది. బ్రిటిషు కాలపు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి దాదాపు 91.7 పాళ్ళు. 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిలకు బరువు అదే అయినా వెండి సగానికి తగ్గింది. మిగతాది రాగి, నికెల్, జింకు. కనుక బరువు ఒక్కటే చాలదు. ఆయన గాజు గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, సున్నా చేసి, సన్నటి దారానికి కట్టిన బిళ్ళను గ్లాసు అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీశాడు. అప్పుడు కాటా ఎన్ని గ్రాములు చూపితే ఆ బిళ్ళ ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. అరిగిన మా 1918 రూపాయి 11.55 గ్రాములు తూగింది, నీళ్ళలో 1.12 చూపింది, అంటే సాంద్రత 10.3, పాత వెండి రూపాయికి సరిగ్గా ఉండవలసినంత. దానికంటే తళతళలాడుతున్న 1840 విక్టోరియా బిళ్ళ 10.62 తూగి, 1.22 చూపింది. సాంద్రత 8.7కు పడిపోయింది కాబట్టి లోపల ఉన్నది రాగి కలిసిన చౌక లోహమని, పైది పూతేనని తేలిపోయింది. భూతద్దంలో చూస్తే అంచు పళ్ళ మీద పూత అరిగి, పచ్చటి గీత కనిపించింది కూడా. నా మటుకు ఈ గ్లాసు నీళ్ళ పరీక్షకే వాళ్ళు తీసుకున్న రుసుము చెల్లిపోయింది.

నా ఫిర్యాదు రసీదు గురించి. అంత జాగ్రత్తగా తూచిన లెక్కలేవీ అందులో లేవు. మిషను చూపిన వెండి శాతం మాత్రమే అచ్చయింది. ఆ మిషను చదివేది పైపొరనే కాబట్టి, పూత మందంగా ఉంటే గిల్టు బిళ్ళకు కూడా మంచి శాతమే రావచ్చు. ఆ కాగితం చూపించి రేపు ఎవరైనా గిల్టును వెండిగా అమ్మితే కొన్నవాడి గతేమిటి? అడిగిన మీదట పొడి బరువు, నీటి లెక్క రసీదు వెనుక చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చారు. అడగకుండానే ఇవ్వవలసింది.

అమెరికాలో ఉన్న మేనల్లుడు తెచ్చిన క్వార్టరు (పావు డాలరు) బిళ్ళను తూచనే లేదు, అంచు తిప్పి చూపించారు. మధ్యలో రాగి రంగు చార కనిపించింది కనుక అది రాగి మీద రెండు వైపులా రాగి-నికెల్ రేకు అతికించిన మామూలు బిళ్ళ. 1964 వరకు సంవత్సరం ఉన్నవి నూటికి 90 పాళ్ళు వెండివి, వాటి బరువు 6.25 గ్రాములు, తరువాతి మామూలువి 5.67 గ్రాములే. గాంధీ శతజయంతికి వచ్చిన మన బిళ్ళల్లోనూ పది రూపాయలదే వెండి, రూపాయిది నికెల్.

గీటురాయి మీద గీసి ఆమ్లం వేసే పరీక్షకు ముందుగా నా అనుమతి అడిగారు, నేను వద్దన్నాను. గీత పడిన బిళ్ళకు సేకరించేవారి దగ్గర విలువ తగ్గుతుంది. దండలో గుచ్చడానికి కొక్కెం మాటు వేసిన (లోహం కరిగించి అతికించిన) బిళ్ళ విషయంలో మాత్రం వాళ్ళు తడబడ్డారు: మాటు బరువు కలవడంతో లెక్క తప్పింది, చివరికి మిషనుతో బిళ్ళ నడిమి భాగాన్ని చదివి సరిపెట్టారు.

అక్కడే కొంటామని కూడా అంటారు, కానీ వెండి ధర మీద తరుగు తీసి ఇస్తారు తప్ప బిళ్ళ అరుదైనదా కాదా అని చూడరు. సేకరించేవారు ఎగబడే 1939 రూపాయి దొరికితే అక్కడ అమ్మవద్దు. దానికి అంకె మార్చిన నకిలీలు ఉంటాయి, అవి కూడా అసలు వెండివే అయినప్పుడు అయస్కాంతం, కాటా, మిషను అన్నీ వాటిని మంచివనే చెబుతాయి. అంకెను భూతద్దం కింద చదవగల నాణేల నిపుణుడి దగ్గరికే వెళ్ళాలి.