కుక్కుటేశ్వరరావు: యాభై ఒక్క ఏళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నాను. ఈ పేరులో వెనక సగం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈశ్వరరావు అనే ముక్క మా కోనసీమలో వీధికొకటి దొరుకుతుంది, ఎక్కడా ఇబ్బంది పెట్టదు. నేను రాసేదంతా ముందు సగం గురించే. కుక్కుటం అంటే కోడి. కచ్చితంగా చెప్పాలంటే పుంజు. లోకమంతా కలిసి యాభై ఒక్క ఏళ్లుగా నా పేరులోంచి ఆ పుంజుని లాగెయ్యాలని చూస్తోంది. నేను వదలడం లేదు.

పేరు వచ్చిన దారి ఇది. మా తాతయ్య పోయిన ఏడు నాన్న, నానమ్మ పిఠాపురం పాదగయకి పిండం పెట్టడానికి వెళ్లారు. మాది అంబాజీపేట పక్కన. ఆ రోజుల్లో ముక్తేశ్వరం రేవులో పడవెక్కి కోటిపల్లిలో దిగి, ద్రాక్షారామం మీదుగా కాకినాడ, అక్కణ్ణుంచి పిఠాపురం. దారిలో ముక్తేశ్వరుడున్నాడు, కోటిపల్లిలో సోమేశ్వరుడున్నాడు, ద్రాక్షారామంలో భీమేశ్వరుడున్నాడు. ముగ్గురు ఈశ్వరులని దాటుకుని వెళ్లి నానమ్మ నాలుగో ఆయనకి, పాదగయ గుళ్లో ఉన్న కుక్కుటేశ్వరుడికి మొక్కింది, మగపిల్లాడు పుడితే నీ పేరేనని. పై ఏడు నేను పుట్టాను. ఎక్కడో ఒకచోట కాస్త ముందే మొక్కుకుని ఉంటే భీమేశ్వరరావునై హాయిగా బతికేవాణ్ణి.

మా వేపు పేర్లన్నీ ఇంతే లెండి. అన్నవరం స్వామి పేరున సత్యనారాయణలు, సత్తిబాబులు, తలుపులమ్మ లోవ పేరున లోవరాజులు, నూకాలమ్మ పేరున నూకరాజులు, భీమవరం మావుళ్ళమ్మ పేరున మావుళ్ళు. మా క్లాసులో సత్యనారాయణలే ఐదుగురు. కుక్కుటేశ్వరరావుని నేనొక్కణ్ణే. ‘ఒకసారి చెబితే ఎవరూ మర్చిపోరు’ అని చాలాకాలం గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ మాటకి తర్వాత వస్తాను.

పేరు వెనక కథ చాలామందికి సగమే తెలుసు. శివుడు కోడి రూపం ఎత్తాడని అంటారు గానీ ఎందుకెత్తాడో చెప్పరు. గయాసురుడు తపస్సుతో తన ఒంటిని తీర్థాలకన్నా పవిత్రం చేసుకున్నాడు. యజ్ఞం చెయ్యడానికి ఆ ఒళ్లే కావాలని త్రిమూర్తులు అడిగారు. ఏడు రోజులు కదలకుండా పడుకోవాలి, కదిలితే చావే. సరేనన్నాడు. తల బీహారు గయలో, పాదాలు పిఠాపురంలో, అంత మనిషి. కోడి కూతని బట్టి రోజులు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాడు. ఏడో రాత్రి తెల్లారకముందే శివుడు కోడై కూశాడు. తెల్లారిందనుకుని పాపం గయుడు కదిలాడు.

అంటే నా పేరుకి అసలు అర్థం వేళకాని వేళ కూసిన కోడి. మా ఊళ్లో అర్ధరాత్రి కోడి కూస్తే ఇంటికి అరిష్టం అంటారు. అలాంటి దొంగకూత కూసిన దేవుణ్ణి గుడి కట్టి కొలుస్తున్నాం, ఆ కూతనే పిల్లాడికి పేరుగా పెట్టుకున్నాం. నాకు ఈ సంగతి పదో ఏట తెలిసింది. అప్పట్నుంచే ఈ పేరంటే ఇష్టం. నానమ్మకైతే ఇష్టం కాదు, భయభక్తులు. మా పెరట్లో పుంజుని కూడా మీరనేది. తెల్లారగట్ల అది కూస్తే, ‘లేవరా, ఆయన కూశారు’ అని నన్ను లేపేది.

మాట కూడా పాతదే. ‘కుక్ కుక్’ అన్న అరుపులోంచే సంస్కృతంలో కుక్కుటం పుట్టిందంటారు. అమరకోశంలో దీనికి పక్కనే ఉన్న మాటల్లో తామ్రచూడం ఒకటి, చరణాయుధం ఇంకొకటి. చరణాయుధం అంటే కాలే ఆయుధంగా కలది. మన భీమవరం వాళ్లు పందెం కోడి కాలికి కత్తి కట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఆ మాట ఉంది.

కత్తి అన్నాను కాబట్టి, పేరు నన్ను ఇరికించిన ఒకే ఒక్క సంగతి చెబుతాను. నా అత్తవారిది భీమవరం వేపు. 2001 సంక్రాంతి నాకు కొత్తల్లుడి పండగ. భోగి నాడు మధ్యాహ్నం బావమరిది కోడిపందేల బరి దగ్గరికి తీసుకెళ్లాడు. చట్టం 1960 నుంచీ వద్దంటూనే ఉంది, మూడు రోజులు బరి దగ్గర మాత్రం అది ఎవరికీ గుర్తుండదు. జనంలో నేనెక్కడో తప్పిపోతే వాడు గొంతు చించుకుని అరిచాడు, ‘కుక్కుటేశ్వరరావు బావా!’

చుట్టూ ఉన్న యాభై మంది ఒక్కసారి తిరిగారు. తెల్ల పంచె, చంకలో డేగ (ఎర్ర ఈకల పుంజుని అలా అంటారు) ఉన్న పెద్దాయన ఒకాయన నా దగ్గరికి వచ్చి, ‘తమరి పేరు మళ్లీ సెలవియ్యండి’ అన్నారు. చెప్పాను. ఆయన జేబులోంచి నలిగిపోయిన కుక్కుట శాస్త్రం, అంటే కోడిపందేల పంచాంగం తీసి, ఆ రోజు నక్షత్రానికి ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుందో వేలుపెట్టి చూసి, మళ్లీ మడిచి పెట్టేశారు. ‘శాస్త్రం ఎందుకండీ, సాక్షాత్తూ స్వామే వస్తే’ అని డేగని నా చేతుల్లో పెట్టారు. ఒక్కసారి నిమరమన్నారు. వెచ్చగా ఉంది, రొమ్ము కింద గుండె టకటకా కొట్టుకుంటోంది. నిమిరాను. రెండు నిమిషాలు పట్టలేదు, ఎదురుగా ఉన్న కాకి, అంటే నల్ల పుంజు, నేలకొరిగింది. పెద్దాయన నా జేబులో ఐదొందల నోటు కుక్కి నా చేతికే దండం పెట్టారు.

ఇక చూడండి. నా ముందు వరస కట్టారు. నెమలి వచ్చింది, పర్ల వచ్చింది, అబ్రాసు వచ్చింది, అన్నీ పుంజుల రకాలే. నిమరడమే నా పని. రెండోదీ గెలిచింది. నిజం చెప్పొద్దూ, ఆ గంటన్నర నా పేరు మీద నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. చిన్నప్పుడు బడిలో ‘కుక్క’ దగ్గరే ఆపి పిలిచిన వెధవలందరూ గుర్తొచ్చారు.

మూడోది ఓడిపోయింది. నాలుగోది కూడా. నాలుగోదాని యజమాని కుర్రాడే. పై పందేల్లో ఎంత పోగొట్టుకున్నాడో ఏమో, పుంజుని చంకన పెట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. రక్తం నా కొత్త సిల్కు చొక్కా మీద కారుతోంది. ‘పేరు పెట్టుకుంటే సరాండీ’ అన్నాడు. అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక అత్తగారు చొక్కా నానబెట్టారు, మరక పోలేదు. రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారు నెమ్మదిగా ఒక మాట చెప్పారు: ‘అల్లుడుగారూ, పండగ మూడు రోజులూ మనూళ్లో మీరు ఈశ్వరరావండి. ఆయ్.’ ఇవాళ్టికీ అదే పద్ధతి. సంక్రాంతికి అత్తారింటి గుమ్మంలో అడుగుపెట్టగానే మా ఆవిడ సహా అందరూ ముందు సగం మింగేస్తారు. కనుమ వెళ్లాక తిరిగిస్తారు.

ఎవరూ మర్చిపోరు అన్నాను కదా. మర్చిపోరు, నిజమే. కాకపోతే వాళ్లు గుర్తుపెట్టుకునేది పేరుని కాదు, కోడిని. ‘ఆ కోడి పేరాయన ఉంటాడే’ అంటారు. కొత్తగా పరిచయమైన ప్రతివాడూ చికెన్ తింటారా అని అడుగుతాడు. తింటానండి. స్పెల్లింగు బాధలు పొడుగు పేరున్న అందరికీ ఉన్నవే కాబట్టి వదిలేస్తున్నాను. పాసుపుస్తకంలో ఒక అక్షరం, ఆధార్‌లో రెండు ఉన్నాయని ఒకసారి ధాన్యం డబ్బు పందొమ్మిది రోజులు ఆగింది, అంతే.

పేరు కత్తిరించేవాళ్లలో నేను క్షమించింది ఒక్కణ్ణే. పిఠాపురం పక్కన కందరాడ వాడైన కూచిమంచి తిమ్మకవి దాదాపు మూడు వందల ఏళ్ల కిందట ఈ స్వామి మీద శతకం రాశాడు. ప్రతి పద్యం చివరా ‘కుక్కుటేశ’ అని పిలుస్తాడు. ఆయనకీ పేరు పొడుగైంది, కుదించాడు. కానీ చూడండి, అందరూ ముందు సగం కోసి ఈశ్వర్‌ని ఉంచుకుంటే ఆయన వెనక సగాన్ని తగ్గించి కోడిని నిలబెట్టాడు.

2019లో నాన్న పోయారు. నేను కూడా పాదగయకే వెళ్లాను. ఇప్పుడు ఎదుర్లంక, యానాం మధ్య వంతెన ఉంది, పడవ గొడవ లేదు. పుష్కరిణి మెట్ల మీద కూర్చున్నాక పంతులుగారు గోత్రం, పేరు అడిగారు. రెండోసారి చెప్పడానికి ఊపిరి కూడబెట్టుకుని ఉన్నాను. ఆయన తలెత్తనే లేదు, విన్నది విన్నట్టు మంత్రంలో కలుపుకుని వెళ్లిపోయారు. అర్థమైంది, ఇది స్వామి ఊరు, ఇక్కడ ఈ పేరు వింత కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న కోసమా, పేరు కోసమా అంటే చెప్పలేను.

కాసేపటికి ఎవరో ‘కుక్కుటేశ్వర్రావుగారూ!’ అని పిలిచారు. లేచాను. నాలుగు మెట్ల కింద, వేలికి దర్భ ఉంగరంతో ఇంకొకాయన కూడా లేచాడు. పిలిచింది ఆయన్నే. నలభై అయిదేళ్లలో నా పేరు ఇంకొకరి కోసం పిలవగా వినడం అదే మొదలు. సంతోషించాల్సింది. పొలంలో గట్టు జరిపినట్టు అనిపించింది. తర్వాత మాట కలిపి, మీ ఊళ్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారని అడిగాను. ‘చిన్నా అంటారండి’ అన్నాడు. అప్పుడు కాస్త కుదుటపడ్డాను.

ఈ పేరు మీ పిల్లాడికి పెట్టొచ్చా అంటే, నేను ఊరు దాటని రైతుని. రోజుకి ఎంతమందికి పేరు చెప్పాలి నేను? నా లెక్కకి ఈ పేరు మన్నింది. పైగా 2024 ఎన్నికల్లో పవన్ కళ్యాణ్ గారు పిఠాపురంలో గెలిచాక ఆ ఊరెక్కడ అని ఎవరూ అడగడం లేదు, సగం వివరణ తగ్గింది. మీరు కాకినాడ చుట్టుపక్కల ఉండేవాళ్లయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు. భీమవరం వేపు సంబంధం చేసుకునే ఉద్దేశం ఉంటే మాత్రం ఆలోచించుకోండి. ఫోన్లో తెలుగు రానివాళ్లతో మాట్లాడే ఉద్యోగమైతే నా అనుభవం మీకు పనికిరాదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే మా అమ్మాయికి ఏడో నెల. హైదరాబాదులో ఉంటారు. తాతయ్య పేరు కలిసేలా ఈశాన్ అని పెడదామనుకుంటున్నాం అని మొన్న ఫోన్ చేసింది. మళ్లీ ముందు సగం ఎగిరిపోయింది. నేనేమీ అనలేదు. ఆడపిల్ల పుడితే పిఠాపురం అమ్మవారి పేరు పెట్టమన్నాను, పురుహూతిక అని. ఇంద్రుడు కొలిచిన తల్లి, పద్ధెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి అని చెబుతుండగానే అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

పది నిమిషాలకి అల్లుడి మెసేజ్ వచ్చింది: ‘ఆ రెండోదాని స్పెల్లింగ్ ఏంటండీ మావయ్యగారూ?’