జెరెష్‌కా, ఎస్ట్రెలాకా?

పోర్చుగల్‌లో కొండల్లో నడవడానికి నాలుగైదు రోజులే ఉంటే నేను ఉత్తరాన స్పెయిన్ సరిహద్దులో ఉన్న పెనెడా-జెరెష్‌కే వెళ్లమంటాను. 1971లో ఏర్పడిన ఈ పార్కు ఆ దేశంలో ఉన్న ఒకే ఒక్క జాతీయ ఉద్యానం. అల్బెర్గారియా ఓక్ అడవిలో రోమన్ల కాలం నాటి రోడ్డు మీదే నడుస్తాం, పక్కన అప్పటి మైలురాళ్లు ఇంకా నిలబడే ఉంటాయి, సొవాజు ఊళ్లో అయితే మొక్కజొన్న దాచుకునే రాతి గాదెలు ఒకేచోట గుంపుగా కనిపిస్తాయి, వాటిని చూడకుండా రావద్దు. వాన మాత్రం బాగా ఎక్కువ, రెయిన్‌కోట్ తప్పనిసరి. బస్సులు తక్కువ కాబట్టి బ్రాగాలోనో పోర్టోలోనో కారు అద్దెకు తీసుకోండి.

ఇక దేశం మధ్యలో ఉన్న సెర్రా ద ఎస్ట్రెలా పర్వతశ్రేణిలో ఆకర్షణ ఎత్తు. టొర్రె శిఖరం 1,993 మీటర్లు, దీవులను వదిలేస్తే పోర్చుగల్ ప్రధాన భూభాగంలో అదే ఎత్తైనది. కానీ పైదాకా కారు రోడ్డుంది, అందుకే శిఖరం ఎక్కామన్న తృప్తి నాకైతే అక్కడ దొరకదు. అసలు అందం కిందుంది: మాంటెయిగాష్ ఊళ్లో బస చేసి, హిమనదం చెక్కిన జెజెరె లోయలో నడవండి. 2022 ఆగస్టు మంటల్లో ఈ కొండల్లో చాలా అడవి కాలిపోయింది, నీడ తక్కువ, వేసవిలో నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లాలి. అక్కడి గొర్రెపాల చీజ్‌ను జంతువుల కడుపు నుంచి తీసే పదార్థంతో కాకుండా ముళ్లమొక్క పువ్వుతో తోడేస్తారు, అందుకే శాకాహారులు కూడా నిశ్చింతగా తినొచ్చు.

చలికాలమైతే టొర్రె దగ్గర మంచు పడి రోడ్డు మూసేస్తుంటారు, బయల్దేరే ముందు కనుక్కోండి.