పెస్ 2021లో అరబిక్ కామెంటరీ: గోల్‌కి ఫుల్ మార్కులు, పేర్లకి పాస్ మార్కులు

కొనామీ వాళ్ల ఫుట్‌బాల్ వీడియో గేమ్ పెస్ 2021లో కామెంటరీ గొంతును అరబిక్‌లోకి మార్చే డౌన్‌లోడ్ ప్యాక్‌ల సంగతి ఇది. గోల్ పడగానే గుక్క తిప్పుకోకుండా సాగే ఆ కేక కోసమైతే కళ్లు మూసుకుని పెట్టుకోండి. ప్రతి ఆటగాడి పేరూ స్పష్టంగా వినపడాలంటే మాత్రం, డౌన్‌లోడ్‌కి ముందు ప్యాక్ ఏ కాలం నాటి రికార్డింగుల నుంచి తయారైందో కనుక్కోండి. సగం నిరాశ అక్కడే తప్పుతుంది.

ఇంగ్లిష్‌లో పీటర్ డ్రూరీ, జిమ్ బెగ్లిన్ ఇద్దరూ మాటామాటా కలుపుకుంటూ నడిపిస్తారు. అరబ్ టీవీ ప్రసారాల్లో మైకు పట్టుకునేది ఎక్కువగా ఒక్కరే. ఇసామ్ షవాలీ, హఫీద్ దరాజీ లాంటి వాళ్లను విన్నవాళ్లకు ఆ వేగం తెలుసు. ఆటలోనూ అంతే. మధ్య మైదానంలో బంతి ఊరికే తిరుగుతున్నా గొంతు దిగదు. మొదట్లో భలే ఉంటుంది. ఒక సీజన్ ఆడేసరికి కార్నర్ వాక్యాలు నోటికొచ్చేస్తాయి. గోల్ వాక్యాలు మాత్రం ఇప్పటికీ పాతబడలేదు.

పేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కామెంటరీ అంటే ఒకే పొడుగు రికార్డింగ్ కాదు. పేరు ఒక క్లిప్పు, 'కొట్టాడు' అనేది ఇంకో క్లిప్పు. ఆట వాటిని అప్పటికప్పుడు అతుకుతుంది. ఒకే పేరు మామూలు గొంతులో ఒకసారి, ఉద్వేగంగా ఇంకోసారి రికార్డయి ఉంటుంది. ప్యాక్‌లో పేరు క్లిప్పు లేకపోతే ఆ చోట ఖాళీ వస్తుంది, లేదా పేరు లేని వాక్యంతో సరిపెడతారు. పెస్ 2017 కాలపు రికార్డింగులతో చేసిన ప్యాక్‌లో హాలాండ్, పెద్రి, బెల్లింగ్‌హామ్ పేర్లు వినపడతాయని ఆశపడొద్దు. ఎడిట్ మోడ్‌లో కామెంటరీ పేరు మార్చి, దగ్గరగా పలికే పాత పేరు తగిలించడం ఒక్కటే దారి. అది కాస్త నవ్వులాటే అనుకోండి.

ఇక పెట్టే పద్ధతి. ఆట అసలు ఫైళ్ల మీద కొత్తవి పడేసే ప్యాక్‌లూ ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ఆటను దించుకునే స్టీమ్ యాప్‌లో ఫైళ్ల తనిఖీ నడిపిన మరుక్షణం అన్నీ మొదటికొస్తాయి. సైడర్ అనేది ఆట నడుస్తుండగా అసలు ఫైళ్ల బదులు మన ఫైళ్లను అందించే చిన్న ప్రోగ్రామ్. దాంతో పెడితే అసలు ఫైళ్లు చెక్కుచెదరవు. వద్దనుకుంటే సైడర్ సెట్టింగుల ఫైల్‌లో ఆ ప్యాక్ లైను ముందు సెమికోలన్ పెడితే చాలు.

ప్యాక్ చాలా భాగాల రార్ ఫైళ్లుగా (కుదించిన ఫైళ్లుగా) వస్తే అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, మొదటి భాగాన్ని మాత్రమే విప్పాలి. సీఆర్‌సీ ఎర్రర్ వస్తే ఆ భాగం పాడైనట్టే, మళ్లీ దించుకోవడమే. విప్పిన ఫోల్డర్‌ని సైడర్‌లోని 'లైవ్‌సీపీకే' ఫోల్డర్‌లో పెట్టండి. విప్పిన ఆ ఫోల్డర్‌ని తెరవగానే 'కామన్' ఫోల్డర్ ఎదురుగా కనపడాలి. దాని బదులు అదే పేరుతో ఇంకో ఫోల్డర్ కనపడిందంటే, విప్పేటప్పుడు ఒక పొర ఎక్కువైంది. 'పెట్టాను, కానీ ఇంకా ఇంగ్లిషే వస్తోంది' అనేవాళ్లలో ఎక్కువమందిది ఇదే సమస్య.

తర్వాత సైడర్ సెట్టింగులుండే ఐఎన్‌ఐ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 'సీపీకే డాట్ రూట్' లైన్లున్న చోట ఈ ఫోల్డర్ దారిని కొటేషన్ల మధ్య రాయండి, మిగతా వాటికన్నా పైన. ఒకే ఫైల్ రెండు ఫోల్డర్లలో ఉంటే సైడర్ పైనున్నదాన్నే తీసుకుంటుంది. స్టేడియం అరుపుల ప్యాక్ ఏదైనా ముందే ఉంటే ఈ వరుస తప్పకుండా చూసుకోవాలి. 'లైవ్‌సీపీకే డాట్ ఎనేబుల్డ్' విలువ 1గా ఉందో లేదో కూడా ఓ కన్నేయండి.

ముందు సైడర్, తర్వాతే ఆట. ఆటలో స్పేస్ బార్ నొక్కితే సైడర్ పట్టీ కనపడాలి. కనపడకపోతే యాంటీవైరస్ సైడర్ డీఎల్‌ఎల్‌ని పట్టి క్వారంటైన్‌లో పడేసిందేమో చూడండి. నడుస్తున్న ఆటలోకి చొరబడే ఫైల్ కాబట్టి దానికి అనుమానం రావడం సహజమే. పట్టీ కనపడినా గొంతు మారకపోతే కామెంటరీ భాష సెట్టింగ్ చూడాలి. ఇంగ్లిష్ స్థానంలో కూర్చునే ప్యాక్‌కి ఆటలో ఇంగ్లిషే ఎంచుకుని ఉండాలి. స్పానిష్‌లో ఉంటే ఎన్నిసార్లు పెట్టినా వృథా. మెనూలు అరబిక్‌లోకి మారవు, ఇది మార్చేది గొంతు ఒక్కటే.

త్రో ఇన్‌కి గోల్ కేక వస్తోందంటే, వేరే వెర్షన్ క్లిప్పులను వాటి నంబర్లు సరిచూడకుండా దూర్చేశారన్నమాట. దాన్ని మనం బాగుచేయలేం, ప్యాక్ మార్చడమే.

శబ్దం విషయానికొస్తే, టీవీ నుంచి కత్తిరించిన ప్యాక్‌లలో గొంతు వెనకాల అసలు మ్యాచ్ జనం హోరు కూడా ఉంటుంది. దాని మీద ఆటలోని జనం తోడైతే మాట మునిగిపోతుంది. ఆడియో సెట్టింగుల్లో జనం స్థాయి రెండు మూడు మెట్లు తగ్గిస్తే సర్దుకుంటుంది.