ఇంట్లోకి సిపాయిలు రాకుండా: రాజ్యాంగంలో వాక్యం మేలా, మామూలు చట్టం మేలా?

అమెరికా రాజ్యాంగం మూడో సవరణ మొత్తం ఒకే వాక్యం. శాంతి సమయంలో యజమాని ఒప్పుకోకుండా ఏ ఇంట్లోనూ సైనికులకు బస ఇవ్వకూడదు, యుద్ధం వచ్చినా చట్టం చెప్పిన పద్ధతిలోనే ఇవ్వాలి. 1791 నుంచి అమల్లో ఉంది. మన రాజ్యాంగంలో ఇలాంటి వాక్యం లేదు. చట్టం అనుమతి లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదనే 300ఎ అధికరణ ఉంది. మిగతా సంగతి 1952 నాటి రిక్విజిషన్ (ప్రభుత్వం ఆస్తిని కొంతకాలం స్వాధీనం చేసుకోవడం) చట్టం చూసుకుంటుంది.

ఆ వాక్యం వెనకున్న అమెరికావాళ్ల కోపానికి కారణం, అక్కడి తమ వలస రాజ్యాల్లో సైనికుల బస కోసం బ్రిటిష్ పార్లమెంటు 1765లో చేసిన క్వార్టరింగ్ చట్టం. బ్యారక్‌లు చాలకపోతే సత్రాలు, అవీ చాలకపోతే ఖాళీ ఇళ్లు, కొట్టాలు ఇవ్వాలి. పడకలు, కట్టెలు, కొవ్వొత్తులు, ఉప్పు, వెనిగర్, తాగడానికి బీరు కూడా సమకూర్చాలి. కొత్త అల్లుడి మర్యాదల జాబితాలా ఉంటుంది, ఖర్చు మాత్రం ఆ వలస రాజ్యాలది. జనం కాపురముంటున్న ఇళ్లలో సైనికుల్ని పెట్టమని ఆ చట్టం చెప్పలేదు. చాలామంది చెప్పిందనే అనుకుంటారు.

ఈ వాక్యం కోర్టు మెట్లెక్కింది చాలా తక్కువ. 1979లో న్యూయార్క్ జైలు ఉద్యోగులు సమ్మె చేస్తే, జైలు ఆవరణలో వాళ్లు అద్దె కట్టి ఉంటున్న గదుల్లో నేషనల్ గార్డ్ (రాష్ట్రాల రిజర్వు సైనిక దళం) వాళ్లని దించారు. 1982లో అప్పీలు కోర్టు రెండు మాటలు తేల్చింది: నేషనల్ గార్డ్ వాళ్లూ సైనికులే, అద్దెకున్నవాళ్లకీ ఈ రక్షణ ఉంటుంది. తీరా చూస్తే, అప్పటికి చట్టం స్పష్టంగా లేదంటూ మరుసటి ఏడాది అధికారుల్ని వదిలేశారు. పైగా ఆ తీర్పుకి కట్టుబడాల్సింది న్యూయార్క్, కనెక్టికట్, వెర్మాంట్‌లలోని ఫెడరల్ కోర్టులే. పక్కనే న్యూజెర్సీ ఎడిసన్‌లో అద్దెకుండే మనవాళ్లకి ఆ భరోసా లేదు.

పోలీసులైతే? 2011లో నెవాడాలో పక్కింటి మీద నిఘా కోసం తమ ఇంట్లోకి బలవంతంగా చొరబడ్డారని ఒక కుటుంబం కేసు వేసింది. పోలీసులు సైనికులు కారు కాబట్టి మూడో సవరణ వర్తించదని 2015లో ఫెడరల్ జిల్లా కోర్టు చెప్పింది.

మన 1952 చట్టంలో గంభీరమైన మాటలేవీ లేవు, కానీ వివరం ఉంది. అవసరమైతే ప్రభుత్వం ఆస్తిని కొంతకాలం స్వాధీనం చేసుకుని పరిహారం ఇవ్వొచ్చు. యజమాని కుటుంబంతో నిజంగా కాపురముంటున్న ఇంటిని మాత్రం ముట్టుకోకూడదు. గుడి, బడి, ఆసుపత్రి, అనాథాశ్రమం కూడా అంతే. నోటీసుకి ముందు రెండు నెలలకు తగ్గకుండా అద్దెకుంటున్నవాళ్లు ఉంటే, వాళ్లకి వేరే వసతి చూపించాలి. ఎవరి కోసం తీసుకుంటున్నారన్నదాన్ని బట్టి ఈ మినహాయింపులు మారవు. అమెరికా వాక్యంలో లేనిది ఇదే.

లోపమల్లా, ఈ మినహాయింపుల్ని పార్లమెంటు మామూలు మెజారిటీతో తీసేయగలదు. మూడో సవరణని కదపాలంటే నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. యుద్ధం వస్తే ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే దారి, అప్పుడు చేసే చట్టం మీదే ఆధారం. 1962లో మన డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం కూడా ఆస్తుల రిక్విజిషన్‌కి వీలిచ్చింది.

సొంతిల్లు ఉన్నవాడికైతే అమెరికా పద్ధతే మేలంటాను. కానీ నేను అద్దెకుండేవాణ్ణి. వేరే వసతి చూపించాలని రాసిపెట్టి ఉన్న మన చట్టమే నాకు పనికొస్తుంది.