పెళ్లి ఫొటోలకు ఊళ్లో స్టూడియోనా, హైదరాబాద్ క్యాండిడ్ టీమా: ఏది మేలు?

ముహూర్తం పెట్టుకోగానే ఫంక్షన్ హాలు, వంటవాళ్లు, పురోహితుడు ఎలాగోలా కుదిరిపోతారు. ఫొటోగ్రాఫర్ దగ్గరికొచ్చేసరికి ఇంట్లో రెండు పార్టీలవుతాయి. "మనూళ్లో స్టూడియో ఉండగా ఎక్కడివాళ్లో ఎందుకమ్మా, మీ అక్క పెళ్లికీ అతనేగా తీసింది" అంటారు నాన్న. "ఆ ఆల్బమ్‌లో అందరూ కర్రల్లా నిలబడి ఉన్నారు, నాకు పోజులు పెట్టించకుండా సహజంగా తీసే క్యాండిడ్ కావాలి" అంటుంది పెళ్లికూతురు. ఈలోపు హాలు మేనేజరు "డెకరేషన్‌తో పాటు ఫొటో, వీడియో కూడా మేమే చూసుకుంటాం" అని ఒక ప్యాకేజీ చెబుతాడు. మా బంధువుల పెళ్లిళ్లలో ఈ బేరాలు మాట్లాడే పని తరచూ నా మీదే పడుతుంది కాబట్టి, నాకు తెలిసింది దాచుకోకుండా చెబుతాను.

హాలు ప్యాకేజీ సంగతి ముందు తేల్చేద్దాం. అందులో ఫొటోలు తీసే మనిషెవరో పెళ్లిరోజు దాకా మనకు తెలియదు. ఈవెంట్ వాళ్లు ఆ పనిని తక్కువకి ఒప్పుకున్నవాళ్లకి అప్పగించేస్తారు. మనం మాట్లాడేది ఒకరితో, కెమెరా పట్టుకునేది ఇంకొకరు. తీసే మనిషిని ముందే పిలిపించి, అతని పని చూపిస్తామంటే సరే. లేదంటే డెకరేషన్ మాత్రం తీసుకుని ఫొటోలు వదిలేయడం మంచిది.

ఇక అసలు పోటీ మిగతా ఇద్దరి మధ్యే. తేడా ఎక్కడుందో జీలకర్ర బెల్లం దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ముహూర్తం నిమిషం దగ్గరపడుతుంది, పంతులుగారు చెయ్యెత్తుతారు, గట్టిమేళం మొదలవుతుంది. అడ్డుతెర దించగానే ఒకరి తల మీద ఒకరి చెయ్యి. ఆ చేతుల కిందనుంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేది రెండు మూడు సెకన్లు. అదే సమయానికి పెద్దవాళ్లందరూ అక్షింతలు పట్టుకుని ముందుకు తోసుకొస్తారు. స్టూడియో అతను ముందే మండపం ఎక్కి, మేనమామను కాస్త పక్కకి జరిపి, తనకి చోటు చేసుకుని ఉంటాడు. అతని ఫొటోలో ఇద్దరి ముఖాలూ, రెండు చేతులూ, పంతులుగారూ, అమ్మానాన్నలూ అంతా స్పష్టంగా వస్తుంది. అయితే చాలామందికి "ఇటు చూడండి సార్" అనే అలవాటు ఒకటుంది. ఆ మాటతో చూపు కెమెరా వైపు తిరుగుతుంది, ఇంకొకరి కోసం ఉన్న ఆ చూపు పోతుంది. మంచి క్యాండిడ్ ఫొటోగ్రాఫర్ ఎవరినీ పిలవకుండా, పక్కనుంచి, కాస్త దూరంలో ఉన్నా ముఖాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్స్‌తో ఆ చూపునే పట్టుకుంటాడు. కాకపోతే అతనికి పక్కన చోటు దొరకాలి. స్టూడియో వీడియో అతను అడ్డంగా నిలబడితే ఎంత గొప్ప లెన్సయినా భుజాలే వస్తాయి.

స్టూడియో అతని బలం అంతా క్రతువు తెలిసి ఉండటంలో ఉంది. కన్యాదానంలో కాళ్లు కడిగేటప్పుడు పళ్లెం ఎటు పెడతారు, మంగళసూత్రం కట్టేటప్పుడు ఆడపడుచు జడ ఎటు పట్టుకుంటుంది, బిందెలో ఉంగరం తీయడం అయ్యాక అప్పగింతలకు ఎంత టైముంది, ఇవన్నీ అతనికి చెప్పక్కర్లేదు. పంతులుగారితో చనువుండి "ఒక్క క్షణం ఆగండి గురువుగారూ" అనగలడు. రిసెప్షన్ స్టేజి మీద వందలమంది క్యూలో ఉన్నా ఓపిగ్గా ప్రతి కుటుంబాన్నీ నిలబెడతాడు. గ్రూప్ ఫొటోలంటే మనకి చులకన కానీ, పదేళ్ల తర్వాత తాతయ్య ఫొటో ఒక్కటి కావాలని వెతికేది వాటిలోనే. మేనత్త కుటుంబం ఆల్బమ్‌లో లేకపోతే ఆ మాట ఏళ్ల తరబడి పడాల్సి వస్తుంది. అమెరికా బంధువులకు లైవ్ పెట్టాలన్నా, ఆ హాల్లో నెట్ ఎక్కడ అందుతుందో, ఏ కేబుల్ ఎటు లాగాలో అతనికే తెలుసు.

క్యాండిడ్ వాళ్ల బలం మనం చూడని చోట ఉంటుంది. తలంబ్రాలు పోసేటప్పుడు అందరూ నవ్వుతుంటే, వెనకాల కుర్చీలో నాన్న ఒక్కరే కళ్లు తుడుచుకుంటుంటారు. ఆ ఫొటో ఏ ప్యాకేజీ కాగితంలోనూ రాసి ఉండదు. ఎన్నాళ్లయినా ఇంట్లోవాళ్లు ఆగి చూసేవి అలాంటివే. ఇబ్బందల్లా ఖర్చు. రేటు ఎక్కువ, దానిమీద ప్రయాణం, బస. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయితే 18 శాతం జీఎస్టీ అదనం. రంగుల విషయంలో కూడా కొందరి పద్ధతి నాకు నచ్చదు. అరిటాకు పచ్చదనం మట్టిరంగుకి తిరిగి, పసుపు వన్నె తగ్గి, పెళ్లంతా ఎండుటాకుల్లో జరిగినట్టుంటుంది. స్టూడియోవాళ్లలో కొందరిది దీనికి ఎదురు జబ్బు: చామనఛాయ అమ్మాయిని తెల్లగా చేసేస్తారు. ఇద్దరికీ ముందే చెప్పాలి, మా రంగులు మాకు ఉంచండి అని.

నా తీర్పు ఇది. వందలమంది వచ్చే, రాత్రి ముహూర్తం ఉన్న పెళ్లికి ట్రెడిషనల్ ఫొటో, వీడియో ఊళ్లో స్టూడియోకి ఇచ్చి, క్యాండిడ్‌కి టీమంతా కాకుండా ఒక్క మనిషిని పెట్టుకోవడం మేలు. ఇద్దరినీ పెళ్లికి ముందే ఒకసారి ఫోన్లో కలిపి, ముహూర్తం వేళ ఎవరెక్కడ నిలబడాలో తేల్చాలి. ఒక్కరిని పెట్టుకోవడానికే డబ్బులున్నాయంటే స్టూడియోనే. క్యాండిడ్ ఒక్కటే పెట్టుకుంటే క్రతువులో ఏదో ఒకటి జారిపోయే ప్రమాదం ఎక్కువ. అన్నవరం కొండ మీదో, ఇంటి దగ్గరో యాభైమందితో చేసుకునే పెళ్లి అయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ పెద్ద సరంజామాకి చోటే ఉండదు, చేయి తిరిగిన క్యాండిడ్ మనిషి ఒక్కరు చాలు.

డ్రోన్ కోసం బేరం పెంచుకోవద్దు. ఊరేగింపుకి బాగుంటుంది, హాల్లో దానికి పని లేదు, విమానాశ్రయం దగ్గర్లో అయితే అనుమతి కావాలి.

ఎవరిని పిలిచినా మాట్లాడే తీరు ఒకటే. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించేవన్నీ ఏరి పెట్టినవి, చాలావరకు సాయంత్రపు ఎండలో తీసిన ప్రీవెడ్డింగ్ ఫొటోలు. మన పెళ్లి జరిగేది అర్ధరాత్రి, మండపం మీద ఊదారంగు ఎల్ఈడీ లైట్ల కింద. అందుకని "రాత్రి ముహూర్తానికి, మామూలు ఫంక్షన్ హాల్లో తీసిన ఒక పెళ్లి మొత్తం చూపించండి" అని అడగాలి. ఆల్బమ్ కాదు, కస్టమర్‌కి ఇచ్చిన ఫొటోలన్నీ. అందులో ముఖాలు ఊదాగా ఉన్నాయా, ఫ్లాష్‌కి నుదుళ్లు మెరిసిపోతున్నాయా, తెల్లవారుజామున అప్పగింతల దగ్గర కూడా అంతే శ్రద్ధ ఉందా అని చూస్తే మనిషి పని తెలిసిపోతుంది.

రెండో ప్రశ్న: "మా పెళ్లికి వచ్చేది మీరేనా?" ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలో ఉండవు. మిగిలిన మంచి ముహూర్తాలకే అందరూ ఎగబడతారు కాబట్టి, ఒకే రాత్రి ఒక స్టూడియోకి మూడు నాలుగు పెళ్లిళ్లు పడతాయి. అప్పుడు ఓనరు ఒక చోటికి వెళ్లి, మిగతా చోట్లకి బయటి కుర్రాళ్లని రోజు కూలికి పంపుతాడు. పెద్ద పేరున్న టీముల్లో కూడా ఇదే జరుగుతుంది. వచ్చే మనిషి పేరు, అతను తీసిన పెళ్లి, రెండూ అడగాలి. అతనికి జ్వరమొస్తే ఎవరొస్తారో కూడా.

కెమెరా మోడల్ అడగడం కంటే "కెమెరాలో రెండు మెమరీ కార్డులు పెట్టి, రెండింట్లోనూ ఒకేసారి రికార్డు చేస్తారా?" అని అడగండి. ఒక కార్డు పాడైతే ఫొటోలు రెండోదాంట్లో ఉంటాయి. 4కె వీడియో 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు) తీస్తే గంటకి 45 జీబీ దాకా అవుతుంది, రాత్రంతా తీస్తే వందల జీబీ. అదంతా ఎన్ని చోట్ల దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, హార్డ్ డిస్క్ ఎవరు కొనాలి అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

మన ప్రశ్నలతో పాటు అతని ప్రశ్నలు కూడా వినాలి. ముహూర్తం ఎన్ని గంటలకి, మీ వైపు తప్పకుండా తీయాల్సిన పెద్దవాళ్లెవరు, మీ ఆచారంలో ప్రత్యేకంగా ఏముంది అని అడిగేవాడు పని మీద మనసున్నవాడు. ప్యాకేజీల కాగితం ముందు పెట్టి "గోల్డా, ప్లాటినమా" అంటే ఇంకొకరిని చూసుకోండి.

కుదిరాక అంతా కాగితం మీద పెట్టండి: ఆల్బమ్ సైజు, షీట్లు ఎన్ని, అదనపు షీట్ ధర, ముహూర్తం ఆలస్యమైతే గంటకి ఎంత, ఫొటోలు ఎన్నాళ్లకి, ఆల్బమ్ ఎన్నాళ్లకి. అడ్వాన్స్ ఇచ్చినా చివరి వాయిదా ఆల్బమ్ చేతికొచ్చాకే. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే, వేరే ఒప్పందం లేకపోతే. కొందరి అగ్రిమెంట్లలో ఆ హక్కు మొత్తం వాళ్లకే రాసుకుంటారు, సంతకం ముందు ఆ పేరా చదవండి. అమ్మాయి ఫొటోలు వాళ్ల పేజీలో పెట్టుకోవాలంటే ముందు ఆమెను అడగాలని ఒక లైను చేర్పించండి. అడ్వాన్స్ తీసుకుని పని ఎగ్గొట్టినవాళ్ల మీద ఫిర్యాదు చెయ్యడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అప్పుడు పనికొచ్చేది ఈ కాగితమే.